దసరా సెలవులకి మనవలొస్తున్నారు, ఖర్చు లేకుండా ఏటి ఆడించాలి?

నాగావళి అమ్మమ్మ (శ్రీకాకుళం), ఆదివారం ఉదయం 7:10

అందరికీ నమస్కారం. మా అమ్మాయి పిల్లలు బెంగళూరు నుంచి దసరా సెలవులకి వస్తున్నారు. పది రోజులుంటారు. మనవడికి 8 ఏళ్ళు, మనవరాలికి 4. వేసవిలో వచ్చినప్పుడు లేచిన దగ్గర నుంచి పడుకునే దాకా ఫోనే. నోట్లో ముద్ద పెడితే అదేం కూరో కూడా చూడకుండా మింగేసేవారు. ఫోన్ లాక్కుంటే ఏడుపు, ఇచ్చేస్తే నాకు బాధ. పోనీ అని బజారుకెళ్ళి 900 రూపాయలు పెట్టి రిమోట్ కారు కొన్నాను. రెండో రోజుకి చక్రం ఊడింది. ఇప్పటికీ మంచం కిందే ఉంది.

ఈసారి ముందుగానే ఆలోచించుకుందామని రాస్తున్నాను. నాకొచ్చేది ఫ్యామిలీ పెన్షన్, బొమ్మలకి మళ్ళీ డబ్బు పెట్టలేను. మోకాళ్ళ నొప్పులు, పరిగెత్తలేను, కింద కూర్చుంటే లేవడం కష్టం. ఇల్లు రెండు గదులు, వీధిలో అరుగు, పెరట్లో ఒక కొబ్బరి చెట్టు, ఒక జామ చెట్టు. మనవడు తెలుగు మాట్లాడతాడు గానీ చదవడం రాదు. పుస్తకాల్లో ఉండేవి కాకుండా మీ ఇళ్ళల్లో నిజంగా ఆడించినవి చెప్పండి.

---

పాలకొండ రోడ్డు, ఆదివారం ఉదయం 8:02

అమ్మా, ముందు చింతపిక్కలు దాచిపెట్టండి. చింతపండు ఒలిచాక పారెయ్యకండి. వాటితో మూడు నాలుగు ఆటలు గడిచిపోతాయి. నాలుగు పిక్కలు తీసుకుని ఒక వైపు గచ్చు మీద అరగదీస్తే తెల్లగా వస్తుంది, అవే అష్టాచెమ్మాకి గవ్వలు. సుద్దముక్కతో అయిదు గడులు అడ్డం, అయిదు గడులు నిలువు గీస్తే చాలు. ఎన్ని తెల్లగా పడితే అన్ని గడులు. నాలుగూ తెల్లగా పడితే చెమ్మ, నాలుగూ నల్లగా పడితే అష్ట, అంటే ఎనిమిది. కింద గీయక్కర్లేదు, పీట మీదో పాత అట్ట మీదో గీసి బల్ల మీద పెట్టుకోండి, మీరు కుర్చీలోనే కూర్చోవచ్చు.

ఇంకోటి ఊదుడాట. గుప్పెడు పిక్కలు కుప్ప పోసి గట్టిగా ఊదాలి. విడిపోయిన వాటిని ఒక్కొక్కటీ పక్కది కదలకుండా తియ్యాలి. కదిలితే అవతలివాళ్ళ వంతు. మా అన్నయ్య కొడుకు దీనికి గంటసేపు కదల్లేదు.

---

పిల్లల వార్డు నర్సు (విజయనగరం), ఆదివారం ఉదయం 9:30

అమ్మా, చింతపిక్కలాట మంచిదే. కానీ 4 ఏళ్ళ పాప ఉన్న ఇంట్లో లెక్కపెట్టి ఇచ్చి, లెక్కపెట్టి తీసుకోండి. చిన్నపిల్లలు గింజలు ముక్కులో, చెవిలో పెట్టుకోవడం మా వార్డులో తరచూ చూస్తాం. మూడేళ్ళ లోపు పిల్లలుంటే అసలు గింజలే వద్దు.

గురివింద గింజలు ఎర్రగా అందంగా ఉంటాయని పిల్లలు ఏరుకొస్తారు, అవి విషం. పచ్చగన్నేరు కాయ, ఆముదం గింజ కూడా అంతే. జిల్లేడు పాలు కంట్లో పడకూడదు. పాడైన రిమోట్లలో, లైట్ల బొమ్మల్లో గుండ్రటి చిన్న బ్యాటరీలు ఉంటే వెంటనే తీసి అందకుండా పెట్టండి. అది మింగితే కొన్ని గంటల్లోనే లోపల కాలిపోతుంది, ఆలస్యం చెయ్యకుండా ఆసుపత్రికి పరిగెత్తాలి. భయపెట్టడానికి కాదు, ఇవి చూసుకుంటే మిగతాదంతా ధైర్యంగా ఆడించుకోవచ్చని చెబుతున్నాను.

---

రైలు తాత (ఆమదాలవలస), ఆదివారం మధ్యాహ్నం 2:15

చెల్లెమ్మా, నేను రైల్వేలో పనిచేసి రిటైరయ్యాను. మా ఇంట్లో ఇద్దరు మనవలు, ఒక మనవరాలు. మా ఇంటి ఆట రైలాట. నాకూ మోకాళ్ళ నొప్పులే కాబట్టి నీకు పనికొస్తుంది.

ఇంట్లో ఉన్న కుర్చీలు, పీటలు, మోడాలు అన్నీ వరసగా పెట్టించు. పెట్టడం వాళ్ళ పని, నువ్వు ముట్టుకోకు. ముందు కుర్చీ ఇంజిను. పాత ఆకుపచ్చ చీర ముక్క, ఎర్ర ముక్క రెండు పుల్లలకి కట్టు, గార్డు జెండాలైపోతాయి. టిక్కెట్లు పాత క్యాలెండరు కాగితాలు. ఇక స్టేషన్లు. మాది పలాస నుంచి విజయనగరం ప్యాసింజరు. పలాస, నౌపడ, కోటబొమ్మాళి, తిలారు, శ్రీకాకుళం రోడ్, పొందూరు, చీపురుపల్లి, గరివిడి, నెల్లిమర్ల, విజయనగరం. మధ్యలో ఇంకా ఉన్నాయి, ఇవి చాలు.

స్టేషన్ బోర్డులు పిల్లలే రాయాలి. అట్టపెట్టె చింపి, పసుపు నీళ్ళు పులిమి ఆరబెట్టి, నల్ల పెన్నుతో తెలుగు, హిందీ, ఇంగ్లీషు మూడింట్లోనూ రాయించు. మీ మనవడికి తెలుగు రాదన్నావు కదా. ‘పలాస’లో మూడే అక్షరాలు, గుణింతం అంటే ఒక్క దీర్ఘమే. అక్కడ మొదలుపెట్టు. ‘కోటబొమ్మాళి’ నాలుగో రోజుకి వస్తుంది. మా పెద్దాడు బోర్డులు రాసి రాసి అక్షరాలు నేర్చుకున్నాడు, పలక పట్టించలేదు. మా ఊరి బోర్డు దగ్గర మాత్రం పెద్ద పేచీ వచ్చింది. ఊరు ఆమదాలవలస, బోర్డు మీద శ్రీకాకుళం రోడ్, ఏది రాయాలని. చివరికి రెండు బోర్డులు రాశారు.

అసలు సంగతి స్టేషన్లో రైలు ఆగినప్పుడు ఉంటుంది. ఆగిన చోటల్లా ఎవరో ఒకరు ఎక్కాలి, ఏదో ఒకటి అమ్మాలి. పలాసలో జీడిపప్పు, పొందూరులో ఖద్దరు పంచెలు. నువ్వు ప్రయాణికురాలివి. కుర్చీలో కూర్చుని ‘బాబూ, ఈ బండి చీపురుపల్లిలో ఆగుతుందా?’ అని అడగడమే నీ పని. ఒక్కోసారి టిక్కెట్టు పోగొట్టుకో. టీసీ మీ మనవరాలు. ఏం శిక్ష వేస్తుందో ఆమెనే తేల్చుకోనీ.

---

రెండు పూటల ఉద్యోగం, ఆదివారం రాత్రి 9:48

పెద్దలు ఏమనుకోవద్దు, నా అభిప్రాయం చెబుతున్నాను. ఎనిమిదేళ్ళ పిల్లాడికి సెలవుల్లో కూడా లెక్కలు, చదవడం ఉండాలి. ఊరికే కుర్చీల మీద కూర్చుని ఆడితే పది రోజులు పోతాయి. వెనక్కి వెళ్ళాక స్కూల్లో వెనకబడితే టెన్షన్ పడేది మనమే. నా కొడుకు ఎక్కాలు మర్చిపోతున్నాడని నేనూ అదే టెన్షన్‌లో ఉన్నాను.

---

పొందూరు పిన్ని, సోమవారం ఉదయం 6:25

తమ్ముడూ, నీ టెన్షన్ నాకు అర్థమవుతుంది. మా ఇంట్లోనూ ఇదే మాట వచ్చేది. ఒక్కసారి సంత ఆట ఆడించి చూడు, తరవాత చెప్పు.

రెండు కొబ్బరి చిప్పలకి తాడు కట్టి కర్రకి రెండు చివరలా వేలాడదీస్తే త్రాసు. కర్ర మధ్యలో పట్టుకునే తాడు ఎక్కడ కట్టాలో వాడినే వెతకనీ, కాస్త అటూ ఇటూ అయితే ఖాళీ చిప్పే ఒరిగిపోతుంది. రాళ్ళు తూకాలు. ఇసుక బియ్యం, జామాకులు తోటకూర, పూల రెక్కలు చేపలు. డబ్బు ఏదో ఒక ఆకు. పెద్దాకు పది, చిన్నాకు ఒకటి.

మా పిల్లలకి నేను పాత కొలతలు పెట్టాను. రెండు సోలలు ఒక తవ్వ. రెండు తవ్వలు ఒక మానిక. రెండు మానికలు ఒక అడ్డ. రెండు అడ్డలు ఒక కుంచం. అంటే కుంచానికి 16 సోలలు. నేను చెప్పలేదు, పెరుగు డబ్బాలతో ఇసుక పోసి పోసి మా వాడే కనిపెట్టాడు. ‘మామ్మా, ప్రతిసారీ రెట్టింపే’ అని అరుచుకుంటూ వంటింట్లోకి వచ్చాడు. వాడికి ఎక్కాలు రావని వాళ్ళ అమ్మ ఏడ్చేది.

ఇంకో మాట. మా అమ్మ నూలు వడికేది. మా ఊరి ఖద్దరుకి పత్తిని వాలుగ చేప దవడతో దువ్వుతారు, సన్నటి పళ్ళుంటాయి కదా. అమ్మ పని అయ్యాక ఆ దవడ తీసుకుని నేను గుడ్డబొమ్మకి తల దువ్వేదాన్ని. బొమ్మంటే ఏముంది, పాత గుడ్డ ఉండచుట్టి మెడ దగ్గర దారం కట్టినదే. కళ్ళు కూడా ఉండేవి కావు. కళ్ళు లేకపోతేనే ఒకరోజు అది నవ్వుతుంది, ఒకరోజు అలుగుతుంది. అన్నీ గీసేసి ఉన్న బొమ్మ ఎప్పుడూ ఒకేలా చూస్తుంది.

---

మూడు లాంతర్లు (విజయనగరం), సోమవారం మధ్యాహ్నం 1:05

దసరా అన్నారు కాబట్టి మా ఇంటి ఆట చెప్పకుండా ఉండలేను. సిరిమాను ఆట.

విజయదశమి తరవాత మంగళవారం మా పైడితల్లమ్మ సిరిమానోత్సవం. పొడవాటి చింతమాను చివర పూజారిని కూర్చోబెట్టి ఊరేగిస్తారు. ఆ జనాన్ని, ఆ మానుని చూసొచ్చిన పిల్లలు ఊరికే ఉండగలరా? బుధవారం పొద్దున్నకల్లా ప్రతి వీధిలో ఒక సిరిమాను లేస్తుంది. మా చిన్నప్పుడు మేం లేపాం, ఇప్పుడు మా అమ్మాయి, పక్కింటి పిల్లలు లేపుతున్నారు.

కలలో నుంచి మొదలవుతుంది. అమ్మవారు పూజారి కలలో కనిపించి ఫలానా చోట చింతచెట్టు ఉందని చెబుతుందని కదా నమ్మకం. అందుకని పూజారి వేషం వేసినవాడు అరుగు మీద పడుకోవాలి. మిగతావాళ్ళు గప్‌చిప్‌గా నిలబడాలి. వాడు లేచి ‘పెరట్లో, నీళ్ళ డ్రమ్ము వెనకాల’ అంటాడు. అందరూ పరుగు. అక్కడ ముందే దాచిన బూజుకర్ర ఉంటుంది, అదే మాను. దానికి పసుపు, కుంకుమ రాసి, చివర ఒక బొమ్మని కట్టి పైకెత్తుతారు. పిల్లల్ని ఎవరినీ ఎక్కించకూడదు, బొమ్మే కూర్చోవాలి, ఇది మా ఇంట్లో గట్టి రూలు.

సిరిమానుకి ముందు నడవాల్సినవి ఉన్నాయి కదా. తెల్ల ఏనుగు అంటే తెల్ల దుప్పటి కింద ఇద్దరు పిల్లలు, తొండానికి పాత లుంగీ చుట్ట. బెస్తవారి వల అంటే ఉల్లిపాయల సంచి విప్పి కర్రకి కట్టడం. అంజలి రథం చెప్పుల అట్టపెట్టె. పాలధార ఒక గిన్నెడు నీళ్ళు. మా గుమ్మం గుడి, ఎదురింటి గేటు కోట. మూడుసార్లు వెళ్ళి రావాలి. అరటిపండ్లు విసిరే బదులు మడిచిన కాగితాలు విసురుతారు.

అమ్మమ్మగారూ, మీరు అరుగు మీదే కూర్చోండి. ఊరేగింపు చూసేవాళ్ళు లేకపోతే ఆటే లేదు. దండం పెట్టి ‘మా ఇంటిముందు కాసేపు ఆపండర్రా’ అనండి. వాళ్ళ ముఖాలు చూడాలి మీరు.

---

నాగావళి అమ్మమ్మ, సోమవారం రాత్రి 8:20

చదువుతుంటేనే కడుపు నిండిపోతోంది. చింతపిక్కలు పోగు చేస్తున్నాను. నర్సమ్మా, ఆ కారు రిమోట్ తీసి చూశాను, గుండ్రటి బ్యాటరీయే ఉంది. తీసి బీరువాలో పెట్టాను. నువ్వు చెప్పకపోతే నాకు తెలిసేది కాదు తల్లీ.

ఒక సందేహం. సాయంత్రం దోమలు, చీకటి. ఏడు తరవాత బయట ఆడలేరు. అప్పుడే ఫోన్ అడుగుతారు. ఆ రెండు గంటలు ఎలా?

---

ఉద్దానం ఆడపడుచు (పలాస దగ్గర), సోమవారం రాత్రి 10:40

అత్తా, చీకటి ఆటలంటే మా పిల్లల్ని అడగాలి. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను మా మీద నుంచి వెళ్ళింది. తెల్లారేసరికి మా తోటలో కొబ్బరి చెట్లు పడుకుని ఉన్నాయి. మా మావయ్య చేతులతో నాటినవి. జీడి చెట్లు వేళ్ళతో లేచిపోయాయి. కరెంటు ఎన్ని రోజులు రాలేదో, ఫోన్లు ఎన్ని రోజులు పనిచెయ్యలేదో. పెద్దవాళ్ళం మాట్లాడుకోలేని స్థితిలో ఉన్నాం. అప్పుడు మా పెద్దమ్మాయికి 7, చిన్నాడికి 5.

రాత్రి లాంతరు వెలిగించి గోడకి దగ్గరగా పెడితే మా అత్తగారు చేతులతో నీడబొమ్మలు వేసింది. రెండు బొటనవేళ్ళు కలిపి వేళ్ళు విప్పితే పక్షి. పిడికిలి మీద రెండు వేళ్ళు లేపితే కుందేలు. చెయ్యి దీపానికి దగ్గరగా తెస్తే నీడ పెద్దదై గోడంతా నిండిపోతుంది, గోడకి దగ్గరగా జరిపితే చిన్నదై గట్టిగా కనబడుతుంది. అంతే కిటుకు. మొదటి రాత్రి పక్షి, కుందేలు. రెండో రాత్రి మా చిన్నాడు చేతులు అటూ ఇటూ ఊపి ‘ఇది గాలి’ అన్నాడు. కుందేలు గాలికి పడిపోయింది. పక్షి వచ్చి లేపింది. అదే కథ ప్రతి రాత్రీ, కొంచెం కొంచెం మారుస్తూ.

పగలు పడిపోయిన కొబ్బరి మట్టలతో క్రికెట్ బ్యాట్లు. తరవాత కరెంటు స్తంభాలు నిలబెట్టడానికి ఎక్కడెక్కడి నుంచో లైన్‌మన్లు వచ్చారు. మరుసటి రోజు నుంచి మా పిల్లల ఆట లైన్‌మన్ ఆట. ఈనెలు పాతడం, వాటికి అరటినార కట్టడం, చివర పిల్లాడు ‘వచ్చింది’ అని అరిస్తే అందరూ చప్పట్లు కొట్టడం. రోజుకి ఇరవైసార్లు కరెంటు వచ్చేది. మా అత్తగారు ఆ ఆట ఆపనివ్వలేదు. ‘వాళ్ళు భయాన్ని బయట పెట్టుకుంటున్నారు, ఆడనీ’ అంది. నాకు అప్పుడు అర్థం కాలేదు. ఇప్పటికీ గాలి గట్టిగా వీస్తే మా అమ్మాయి భయపడదు, లేచి లాంతరు ఎక్కడుందో చూస్తుంది.

మీకు లాంతరు అక్కర్లేదు, టార్చిలైటు చాలు. గది లైట్లన్నీ ఆర్పండి. మొదట మీరు ఒక్క పక్షి వెయ్యండి, తరవాత టార్చి మనవడి చేతికి ఇచ్చెయ్యండి.

---

బొబ్బిలి మాస్టారు, మంగళవారం ఉదయం 7:55

మా ఊరి వీణని ఒకే పనస మొద్దులో తొలుస్తారు. పిల్లలకి అట్టపెట్టెలో తొలుద్దాం. చెప్పుల పెట్టె మూతలో గుండ్రటి కన్నం చేసి, సన్నవీ లావువీ రబ్బరు బ్యాండ్లు నాలుగైదు తొడగండి. కింద రెండు పెన్సిళ్ళు అడ్డంగా దూర్చితే బ్యాండ్లు పెట్టెకి తగలకుండా మోగుతాయి. లావుది బొంగురుగా, సన్నది కీచుగా. లాగి బిగిస్తే స్వరం పైకి వెళ్తుంది. సరిగమ కుదరదు, కుదరాలని చూడకండి. పాప మీటుతుంటే ఆ చప్పుడు ఏ జంతువు నడకో చెప్పమనండి. మా బడిలో ఏనుగు, ఎలుక, పాలవాడి సైకిలు అన్నీ వచ్చాయి.

అగ్గిపెట్టె ఫోను కూడా చెయ్యండి. ఇరవై అడుగుల దారం, రెండు ఖాళీ అగ్గిపెట్టెలు. దారం బిగువుగా ఉండాలి, మధ్యలో తలుపుకి గానీ చేతికి గానీ తగిలితే మాట ఆగిపోతుంది.

---

సీతంపేట కోడలు, ఇప్పుడు డల్లాస్, మంగళవారం ఉదయం 11:30

దూరంగా ఉన్న మనవలకి కూడా ఒకటి చెబుతాను. మా అత్తగారు వీడియో కాల్‌లో మా పాపతో దాగుడుమూతలు ఆడతారు. ఆవిడ ఒక చెంచాని తన గదిలో దాచి, ఫోన్ పట్టుకుని నిలబడతారు. పాప ‘నాన్నమ్మా, కుడిచేతి వైపు వెళ్ళు, దిండు ఎత్తు, అలమరా కింద చూడు’ అని తెలుగులో చెప్పాలి. ఇంగ్లీషులో చెబితే ఆవిడ కదలరు. పాపకి కుడి, ఎడమ, కింద, వెనక, పక్కన అన్నీ ఇలాగే వచ్చాయి.

---

నాగావళి అమ్మమ్మ, తరవాతి ఆదివారం మధ్యాహ్నం 3:10

పిల్లలొచ్చి నాలుగు రోజులైంది. ఉన్నదున్నట్టు చెబుతాను.

మొదటి రోజు ఏమీ నడవలేదు. నేను అష్టాచెమ్మా గీసి, పిక్కలు పెట్టి, రండిరా అంటే మనవడు ‘బోర్’ అన్నాడు. ఓడిపోయి పిక్కలు విసిరేశాడు. రాత్రి నేను బాగా దిగులుపడ్డాను. మర్నాడు రైలు తాతగారి మాట గుర్తొచ్చింది, నువ్వు ముట్టుకోకు అన్నారు కదా. నేనేమీ పిలవలేదు. అరుగు మీద కుర్చీ వేసుకుని సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. ఏం చేస్తున్నావు అమ్మమ్మా అని వాడే వచ్చి అడిగాడు. ‘రైలు కోసం చూస్తున్నాను, ఇంకా రాలేదు’ అన్నాను. కాసేపు నా ముఖం చూశాడు. లోపలికెళ్ళి కుర్చీ ఈడ్చుకొచ్చాడు.

అప్పటి నుంచి రైలే. పాప టీసీ. టిక్కెట్టు లేనివాళ్ళకి శిక్ష ఒక ముద్దు. పలాస, నౌపడ బోర్డులు అయిపోయాయి, ‘డ’ రాయడానికి రెండుసార్లు ఏడ్చాడు, మూడోసారి వచ్చింది. నిన్న సాయంత్రం గోడ మీద పక్షి ఎగిరింది. పాప కుందేలు చెయ్యలేకపోతోంది, వేళ్ళు చిన్నవి, అందుకని ‘ఇది కుందేలు పాప’ అంటోంది. ఫోన్ అడగడం పూర్తిగా మానలేదు. రోజూ అరగంట ఇస్తున్నాను. వేసవిలో ఇది రోజంతా ఉండేది.

ఇద్దరికీ వయసు తేడా వల్ల గొడవలొస్తున్నాయి. దానికేమైనా చెప్పండి. ఇంకొకటి, వాళ్ళు సముద్రం చూడాలంటున్నారు.

---

వంశధార గట్టు (కళింగపట్నం), ఆదివారం సాయంత్రం 5:45

మా ఊరు తీసుకురండి పెద్దమ్మా. శ్రీకాకుళం నుంచి బస్సులో వచ్చేయొచ్చు. బొమ్మలేమీ వద్దు, రెండు కొబ్బరి చిప్పలు, ఒక చెంబు తెండి. తడి ఇసుకని చిప్పలో గట్టిగా కూరి బోర్లిస్తే గోపురం, పొడి ఇసుక నిలబడదు. ఎండ తగ్గాక రండి, దీపస్తంభం దగ్గర ఒడ్డున కూర్చోండి. నీళ్ళలోకి మాత్రం దింపకండి. నది వచ్చి కలిసే చోట లోపల లాగేస్తుంది, పైకి తెలియదు.

ఇద్దరి గొడవకి మా ఇంట్లో చేసింది, చిన్నదానికి చిన్న పని ఇవ్వడం మానేశాం. పెద్దాడు కోట కడితే చిన్నది ఆ ఊరి రాణి. రాణి చెప్పినట్టు కట్టాలి. పెద్దాడికి కట్టడం ఇష్టం, చిన్నదానికి చెప్పడం ఇష్టం.

---

రెండు పూటల ఉద్యోగం, సోమవారం రాత్రి 10:15

పొందూరు పిన్నిగారూ, ఆదివారం సంత ఆడాం. మా వాడు నాకు మూడు అడ్డల ఇసుక అమ్మి డబ్బు తప్పు లెక్కపెట్టాడు. నేను దిద్దబోతే మా ఆవిడ చెయ్యి పట్టుకుని ఆపింది. రెండు నిమిషాల తరవాత వాడే వెనక్కి పిలిచి రెండు ఆకులు తిరిగిచ్చాడు. నాకు రోజూ దొరికేది పదిహేను నిమిషాలే. ఇక నుంచి అవి సంతకే.

---

నాగావళి అమ్మమ్మ, శనివారం సాయంత్రం 6:30

పిల్లలు నిన్న రాత్రి బండికి వెళ్ళిపోయారు. కళింగపట్నం వెళ్ళాం, రాణిగారు కోటకి మూడు ద్వారాలు కావాలంది, కట్టించుకుంది. సిరిమాను కూడా ఊరేగింది, ఏనుగు తోక దగ్గర పక్కింటి పిల్లాడు కలిశాడు. ‘కోటబొమ్మాళి’ బోర్డు సగం రాసి వెళ్ళాడు, ‘కోటబొ’ దాకా.

కుర్చీలు ఇంకా వరసలోనే ఉన్నాయి. తియ్యబుద్ధి కాలేదు. ఇందాక బెంగళూరు నుంచి ఫోన్ చేశాడు. చేరామని చెప్పి, ఆగి, ‘అమ్మమ్మా, మన రైలు ఇప్పుడు ఎక్కడుంది?’ అన్నాడు. నౌపడలో ఆగింది, సిగ్నల్ ఇవ్వలేదు అన్నాను. ‘సంక్రాంతికి ఇస్తాను’ అన్నాడు.